పాప పేజీలు తిప్పేస్తుంటే పుస్తకం చదివి వినిపించడం ఎలా?

మీరు అడిగినవి మూడు. రెండున్నరేళ్ల పాప, రెండు పేజీలు చదివేసరికి పుస్తకం లాక్కుని గబగబా తిప్పేస్తోంది. దొరికిన తెలుగు పుస్తకాల్లో భాష మీ ఇంట్లో మాట్లాడుకునేలా లేదు. ఇంట్లో తెలుగు, ప్లేస్కూల్లో ఇంగ్లిష్ కావడంతో మాటలు వెనకబడతాయేమోనని మీ అత్తగారు భయపడుతున్నారు. వరసగా చెప్తాను. ముందు ఒకటి గమనించండి: మీరు చదువుతున్నంతసేపూ పాపకి నోరు విప్పే సందు ఎంత దొరుకుతోంది? రోజుకి ఎన్ని నిమిషాలు చదివారు, ఎన్ని పుస్తకాలు కొన్నారు అన్న లెక్కలకంటే ఈ వయసులో ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

దీనికి ఆధారం పాతదే. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 21 నుంచి 35 నెలల పిల్లలున్న ఇళ్లలో ఒక అధ్యయనం చేసింది. రెండు గుంపుల తల్లిదండ్రులూ పిల్లలకి చదివి వినిపిస్తున్నవాళ్లే. ఒక గుంపుకి మాత్రం చదివే తీరు నేర్పారు. అవును, కాదు అనేస్తే తెమిలిపోయే ప్రశ్నలు తగ్గించడం, పిల్ల అన్న ముక్కకి ఇంకో ముక్క చేర్చి తిరిగి చెప్పడం, పిల్ల మాట్లాడేదాకా ఆగడం. నెల తర్వాత పరీక్షిస్తే, ఆ గుంపు పిల్లలు మాట్లాడే భాషలో రెండో గుంపుకంటే సుమారు 6 నుంచి 8 నెలలు ముందున్నారు. చిన్న అధ్యయనమే. నెల రోజుల్లో మీ పాప ఆరు నెలలు దూకేస్తుందని ఆశపెట్టుకోకండి. ఇలా పిల్లతో మాట్లాడుతూ చదివే తీరుకి డైలాజిక్ రీడింగ్ అని పేరు పెట్టారు. తర్వాత వేరే చోట్ల చేసిన పరిశీలనల్లోనూ దిశ అదే, లాభం మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

ఇక పేజీలు తిప్పడం. ఈ వయసు పిల్లకి కథ బొమ్మలోనే ఉంటుంది. బొమ్మ చూడటం అయిపోయాక కూడా మీరింకా మూడో వాక్యంలో ఉంటే ఆగదు, తిప్పేస్తుంది. కాబట్టి తిప్పే పని పాపకే అప్పగించండి. మొదటి వారం పేజీకి ఒక్క వాక్యం చాలు, అదీ మీ సొంత మాటల్లో. పేజీలో అయిదు వరసలుంటే ఉండనివ్వండి. పాప ఒకేసారి మూడు పేజీలు తిప్పితే వెనక్కి లాగకుండా, తెరుచుకున్న పేజీ గురించే మాట్లాడండి. చివరి పేజీ నుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు. వరస, మొదలు, ముగింపు అనేవి మూడేళ్లు దాటాక మెల్లగా పట్టుబడతాయి.

ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవడం ఏడాది లోపు పిల్లలకి బాగుంటుంది. రెండేళ్లు దాటాక పక్కన, కాస్త మూలగా కూర్చోండి. మీ నోరు, కళ్లు పాపకి కనబడాలి. పాప ఎటు చూస్తోందో మీకు తెలియాలి. ఒళ్లో ఉంటే పాప చూపు పేజీలో ఏ మూల ఉందో మీకు తెలియదు. మీరు కుందేలు గురించి చెబుతుంటే తను కింద మూలనున్న చీమని చూస్తూంటుంది. అప్పుడు చీమ గురించే చెప్పాలి. పిల్ల చూస్తున్న దాని పేరు ఆ క్షణంలో చెబితే ఆ మాట అతుక్కుంటుంది. చూపు మళ్లించి చెబితే సగం శ్రమ వృథా.

సమయం అయిదు నుంచి ఏడు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. ఇరవై నిమిషాలు ఏకబిగిన కూర్చోబెట్టకండి. టీవీ ఆపేయండి, పక్క గదిలోది కూడా. మాటలు పెంచుకోవడానికి చదివేది పగలు పెట్టుకోండి: స్నానం అయ్యాక, కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడు. రాత్రి పడుకునే ముందు చదివేది వేరు. అప్పుడు ప్రశ్నలొద్దు, గొంతు తగ్గించి అలవాటైన కథే చదవండి. చాలా ఇళ్లలో ఈ రెండింటినీ కలిపేసి, నిద్ర ముంచుకొస్తున్న పిల్లని "ఇదేంటి, అదేంటి" అని విసిగిస్తారు. పిల్ల పుస్తకాన్ని తోసేస్తే, దీనికి చదువంటే ఇష్టం లేదని తేల్చేస్తారు.

ఇప్పుడు అసలు పని. ఒక పేజీలో మేక పిట్టగోడ ఎక్కి ఆకులు అందుకుంటోంది అనుకుందాం. ఇలా నడవాలి:

"మేక ఏం చేస్తోంది?"
(మనసులో ఒకటి నుంచి అయిదు దాకా మెల్లగా లెక్కపెట్టండి.)
"ఆకు."
"ఆఁ, ఆకులు తింటోంది. గోడెక్కి మరీ తింటోంది."
(మళ్లీ ఆగండి.)
"గోదెక్కి."
"గోడెక్కి తింటోంది! పడిపోతుందేమో పాపం."

ఇందులో నాలుగు పనులున్నాయి. ఒక ప్రశ్నో మాటో వేసి కదిలించడం, పిల్ల అన్నదాన్ని ఒప్పుకోవడం, దానికి ఒకటి రెండు మాటలు చేర్చడం, పిల్ల ఆ పెరిగిన మాట అనడానికి సందివ్వడం. చేర్చేది ఒకటి రెండు మాటలే. పిల్ల "ఆకు" అంటే మీరు పన్నెండు మాటల వాక్యం అప్పజెప్పకూడదు. పిల్ల ఇప్పుడున్న మెట్టుకి పైమెట్టు మాత్రమే చూపించాలి.

"గోద" అన్నందుకు సరిదిద్దలేదు చూడండి. "గోద కాదు, గోడ అను" అంటే రెండుసార్లు అంటుంది, మూడోసారి నోరు మూసుకుంటుంది. సరైన మాట మీ వాక్యంలో వినబడితే చాలు. తెలుగులో ర, ళ, ణ, శ, ష, ఒత్తక్షరాలు నిలకడగా పలకడం చాలామంది పిల్లలకి ఆలస్యంగానే వస్తుంది. రెండున్నరేళ్లకి "రైలు"ని "లైలు" అన్నా కంగారు పడేదేమీ లేదు.

అయిదు లెక్కపెట్టడం తేలికగా కనిపిస్తుంది గానీ పెద్దవాళ్లకి అన్నిటికంటే కష్టమైనది ఇదే. ప్రశ్న అడిగిన మరుక్షణమే జవాబు కూడా మనమే చెప్పేస్తాం. రెండేళ్ల పిల్ల ప్రశ్న విని, బొమ్మ చూసి, మాట వెతుక్కుని, నోరు సర్దుకోవడానికి అంత సమయం పడుతుంది. అయిదు దాటినా పలకకపోతే మీరే చెప్పి ముందుకెళ్లిపోండి. రెండోసారి అదే ప్రశ్న అడగొద్దు.

ప్రశ్నల్లో తేడా ఉంది. "ఇదేంటి?" అంటే పేరు ఒక్కటే వస్తుంది. పాపకి ఆ పేరు వచ్చని తెలిశాక మళ్లీ మళ్లీ అడగడం పరీక్ష పెట్టడమే. "ఏం చేస్తోంది?", "ఎక్కడ దాక్కుంది?", "ఎవరొచ్చారు?" అంటే క్రియలు, చోటు చెప్పే మాటలు వస్తాయి. "ఎందుకు?" మూడేళ్లు దాటాక. "ఇది కుక్కా?" లాంటివి వదిలేయండి. పన్నెండు పేజీల పుస్తకానికి మూడు నాలుగు ప్రశ్నలు మించకూడదు. ఒక ప్రశ్న అడిగితే రెండుసార్లు మీరే ఊరికే ఏదో అనండి: "అబ్బో, ఎంత పెద్ద తొండమో!" ఇలాంటివాటికి పిల్లలు ప్రశ్నకంటే త్వరగా బదులిస్తారు.

తెలుగుకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వాక్యం చివర ఖాళీ వదిలి పిల్లచేత పూర్తిచేయించడం అన్ని భాషల్లోనూ చేసేదే. ఇంగ్లిష్‌లో అలా వదిలితే ఎక్కువగా నామవాచకం మిగులుతుంది. మన వాక్యం చివర క్రియ ఉంటుంది కాబట్టి, "మేక గోడెక్కి ఆకులన్నీ..." అని ఆపితే పిల్ల "తినేసింది" అనాలి. ఆ ఒక్క మాటలో పని, కాలం, చేసింది ఎవరు అన్నవన్నీ ఇమిడి ఉన్నాయి. "అన్న పరిగెత్తుకుంటూ...", "పిల్లలందరూ పరిగెత్తుకుంటూ..." అని వదిలితే వచ్చాడు, వచ్చారు అన్న తేడా పట్టుబడుతుంది. ఈ వయసులో "అమ్మ వచ్చాడు" అనే పిల్లలు చాలామంది. పాఠం చెప్పినట్టు సరిదిద్దడం కంటే ఇది హాయిగా పనిచేస్తుంది. మొదటిసారి చదువుతున్న కథలో మాత్రం ఖాళీలు వదలకండి. నాలుగైదుసార్లు విన్నాకే పిల్లకి చివరి మాట తెలుస్తుంది.

ధ్వనుల మాటలు కూడా అంతే. బుడుంగున మునిగింది, టపటపా రాలాయి, గిర్రున తిరిగింది, చెంగున దూకింది. రెండేళ్ల లోపు పిల్లలు క్రియకంటే ముందు వీటిని పట్టుకుంటారు. టపటపాని "తప తపా" అన్నా సరే, అది మాటే. పుస్తకంలో "కప్ప నీటిలోకి దూకెను" అని మాత్రమే ఉంటే బుడుంగుని మీరే చేర్చండి.

అలా పుస్తకం భాష దగ్గరికొచ్చాం. "దూకెను", "వెళ్లుచుండగా", "దాని యొక్క తోక" లాంటివి పాత పిల్లల పుస్తకాల్లో ఉంటాయి. కొత్తవాటిలో వేరే చిక్కు: అనువాదపు తెలుగు, ఎవరి నోటా రాని వాక్యం. మూడేళ్ల లోపు ఏ మొహమాటమూ లేకుండా మీ ఇంటి మాటలోకి మార్చి చదవండి. మీ ఇంట్లో "పోతుంది" అంటే "పోతుంది", "వెళ్తోంది" అంటే "వెళ్తోంది". వరంగల్ అమ్మ గుంటూరు యాసలో, కడప నాన్న పుస్తకం యాసలో చదవనక్కర్లేదు. పిల్ల ఇప్పుడు నేర్చుకుంటున్నది మీ భాష. పుస్తకంలో "సొరకాయ" ఉండి మీ ఇంట్లో "ఆనపకాయ" అంటే రెండూ చెప్పండి, "చీపురు", "పొరక" కూడా అలాగే. రెండు పేర్లు మోయడం పిల్లలకి బరువు కాదు.

మూడున్నర, నాలుగేళ్లకి మాత్రం దీన్ని తిరగేయాలి. అప్పటినుంచి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టండి. బడిలో పాఠ్యపుస్తకం ఆ భాషలోనే ఉంటుంది. "అనంతరం", "అక్కడికి చేరుకున్నాడు", "ఆశ్చర్యపోయింది" లాంటివి రోజువారీ మాటల్లో అంతగా దొర్లవు. "వాన వెలిశాక గూట్లోంచి బయటికొచ్చిన పిచ్చుక, తడిసిన రెక్కలు దులుపుకుంటూ..." లాంటి పొడుగు వాక్యం వంటింట్లో మనమెవరం మాట్లాడం. ఆ అల్లిక చెవిన పడేది కథలోనే. రెండిటికీ మధ్య దారి: కొత్త పుస్తకం మొదటి రెండుసార్లు మీ మాటల్లో చెప్పండి, కథ పట్టుబడ్డాక మూడోసారి నుంచి అచ్చులో ఉన్నట్టు చదవండి.

కొత్త మాటలు పుస్తకానికి రెండు, మహా అయితే మూడు ఎంచుకోండి. మీరు ముందుగా ఒకసారి చదివి ఎంచుకోవాలి. "వణుకుతోంది" అనుకోండి. కథ ఆపి అర్థం వివరించొద్దు. భుజాలు వణికించి చూపించి, "చలికి ఇలా ఇలా వణుకుతోంది" అని సాగిపోండి. సాయంత్రం స్నానం చేయిస్తూ "అరె, నువ్వూ వణుకుతున్నావే" అనండి. పుస్తకంలో విన్న మాట పుస్తకం బయట మళ్లీ తగిలితేనే సొంతమవుతుంది. ఈ రెండో సగం చాలామంది మరిచిపోతారు.

ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ అడగడం మొండితనం కాదు. 2011లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో మూడేళ్ల పిల్లలమీద పరీక్షించారు. కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ, కొందరికి వేర్వేరు కథలు చదివారు. కొత్త మాటలు ఇద్దరికీ అన్నేసిసార్లే వినబడేలా చూశారు. అవే కథలు విన్న పిల్లలకే ఆ మాటలు బాగా గుర్తున్నాయి. ఇంట్లో ఎనిమిది, పది పుస్తకాలు చాలు. మూడు బయట పెట్టి మిగతావి దాచండి. పది రోజులకోసారి ఒకటి మార్చండి. అన్నీ ఒకేసారి కుప్ప పోస్తే తిప్పడమే మిగులుతుంది.

ఇంగ్లిష్ సంగతి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటలు ఆలస్యం కావు. మీ అత్తగారికి ఈ మాట ధైర్యంగా చెప్పండి. రెండు భాషల పిల్లకి ఒక్కో భాషలో మాటలు తక్కువ కనిపించొచ్చు, రెండూ కలిపి లెక్కపెట్టాలి. "కుక్క", "డాగ్" రెండు మాటలు. తప్పు జరిగేది ఇంకోచోట. ఇంగ్లిష్ పుస్తకం కొని ఒక వాక్యం ఇంగ్లిష్‌లో, వెంటనే దాని తెలుగు, మళ్లీ ఇంగ్లిష్. దీంతో కథ ముక్కలైపోతుంది, పిల్ల తనకి తెలిసిన భాష వచ్చేదాకా వినడం మానేస్తుంది. ఒకసారి కూర్చుంటే ఒకే భాష. ఇంగ్లిష్ పుస్తకమే ఉంటే అక్షరాలు వదిలేసి బొమ్మలు చూసి తెలుగులో కథ చెప్పేయండి. మీకు ధారాళంగా వచ్చిన భాషలో మాట్లాడితేనే పిల్లకి నిండైన వాక్యాలు దొరుకుతాయి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్నవాళ్లకి ఇది మరీ వర్తిస్తుంది. అక్కడ పిల్లకి తెలుగు "తిను, రా, పడుకో"ల దగ్గరే ఆగిపోతుంది. రోజూ పది నిమిషాల కథ ఉంటే ఆ ఆజ్ఞలకి అవతలి తెలుగు చెవిన పడుతుంది.

అత్తగారికి చదవడం రాదన్నారు కదా. మాటల్లేని బొమ్మల పుస్తకం ఆవిడ చేతికివ్వండి. చదవాల్సింది లేకపోతే మాట్లాడటమే ఉంటుంది, ఆవిడ మీకంటే బాగా చేస్తారు. ఒక్కటే చెప్పండి: కథ అయ్యాక "ఇందులో నీతి ఏంటి?" అని అడగొద్దని. రెండున్నరేళ్ల పిల్లకి ఆ ప్రశ్నే అర్థం కాదు.

ఫోన్‌లో కథల వీడియో పెట్టడం దీనికి బదులు కాదు. వీడియో ఆగదు, పిల్ల అన్నదానికి బదులివ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం రెండేళ్ల లోపు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదు. అన్నం తినిపించడానికి ఫోన్ పెట్టే అలవాటుంటే ముందు దాన్ని మానిపించండి, ఆ అరగంటలో చాలా మాట్లాడుకోవచ్చు.

పుస్తకాలు ఎక్కడివంటే: మంచి పుస్తకం, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. తూలిక వాటిలో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్నవి దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దింపుకోవచ్చు, మొదటి స్థాయివి చూడండి. ఫోన్‌లో చూపించకుండా రంగుల్లో ప్రింట్ తీయించి స్పైరల్ వేయించండి. ల్యామినేషన్ చేయిస్తే మూలలు గుండ్రంగా కత్తిరించాలి, లేకపోతే గీసుకుంటాయి. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది: పేజీకి ఒక బొమ్మ, అందులో ఏదో జరుగుతూ ఉండాలి. తెల్ల కాగితం మీద ఒక యాపిల్ బొమ్మ ఉన్న పుస్తకంతో ఒక్క మాట తర్వాత మాట్లాడేదేమీ ఉండదు. అక్షరమాల చార్టు కూడా ఇందులోకి రాదు. చిన్న ఫోటో ఆల్బంలో ఇంటివాళ్ల ఫోటోలు ఓ పది పెట్టినా పుస్తకమే. తాతయ్య నీళ్లు తోడుతున్న ఫోటో మీద ఎంత కథైనా నడుస్తుంది.

అక్షరాల తొందర వద్దు. కంటి కదలికలు కొలిచి చూస్తే, నాలుగైదేళ్ల పిల్లలు కూడా కథ వింటున్నంతసేపూ బొమ్మలే చూస్తారు, అచ్చు వైపు చూపు పోవడం చాలా తక్కువ. నాలుగేళ్లు వచ్చాక కథ పేరు చదువుతూ కింద వేలు పెట్టి జరపండి, పాప పేరులో మొదటి అక్షరం ఎక్కడైనా కనబడితే చూపించండి. ఒక విడతలో ఒకటి రెండుసార్లు, అంతే. వత్తులు, గుణింతాలు కథలోకి తేకండి. తనంతట తను చదవడం వచ్చాక కూడా చదివి వినిపించడం మానొద్దు. రెండో తరగతి పిల్ల చదవగలిగే పుస్తకంకంటే విని అర్థం చేసుకోగలిగే పుస్తకం ఎప్పుడూ పెద్దది.

పుస్తకంతో తీరని సంగతులూ ఉన్నాయి. ఏడాదికి వేలితో చూపించడం, పిలిస్తే తిరిగి చూడటం లేకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకి "పాలు ఇయ్యి", "నాన్న పోయాడు" లాంటి రెండు మాటల ముక్కలు సొంతంగా కలపకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోయినా, ఆలస్యం చేయకండి. "వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడాడు" అన్న మాట మీద ఆరు నెలలు గడిపేస్తారు. ముందు వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకి తిరుగుతోంది కాబట్టి చెవులు బాగున్నాయని అనుకోవద్దు. కొన్ని ధ్వనులు వినబడుతూ మాటలోని సన్నటి ధ్వనులు అందని పిల్లలుంటారు. ప్రభుత్వం వైపు జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని వినికిడి, మేధో వైకల్యాల జాతీయ సంస్థల్లో పరీక్షలు చేస్తారు. వెళ్లేటప్పుడు పాప సొంతంగా అనే మాటల జాబితా, రెండు భాషలవీ కలిపి, రాసుకుని వెళ్లండి. మీరు పుస్తకం చదువుతుండగా తను ఎలా స్పందిస్తోందో రెండు నిమిషాల వీడియో కూడా తీసుకెళ్లండి. కొత్త చోట బిగుసుకుపోయే పిల్లల విషయంలో స్పీచ్ థెరపిస్టుకి అది బాగా పనికొస్తుంది.